మా అత్తకు వినపడని కూక

ఇది రాయమని నన్నెవరూ అడగలేదు, నాకే ఆగడం లేదు. నిన్న పొద్దున కాఫీ పళ్ళు కోయడానికి ఇంటి నుంచి తోట దాకా ఉన్న ఎత్తంతా ఎక్కడా కూర్చోకుండా ఎక్కేశాను. బుట్ట కింద పెట్టి, మా ఆయన వైపు తిరిగి "చూశావా" అన్నాను. ఆయన అప్పటికే కోతలో పడిపోయాడు, చూడనేలేదు. అయినా నా సంతోషం ఇసుమంతైనా తగ్గలేదు. మొన్న ఎండాకాలంలో అదే దారిన నన్ను కర్రకు కట్టిన దుప్పట్లో పడుకోబెట్టి నలుగురు కిందికి మోసుకొచ్చారు మరి. ఊపిరి ఆడకపోతే ఆ సంగతి దాచిపెట్టిన మనిషిని నేను. ఎలా దాచానో, ఎవరికి దొరికిపోయానో చెప్పేస్తే నా మనసు తేలికవుతుంది. నాలాంటి మొండిఘటం ఇంకెక్కడైనా ఉంటే వాళ్ళకూ పనికొస్తుంది.

మాది ముంచింగిపుట్టు సంతకు నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న చిన్న ఊరు. నేను మా ఊరి బడిలో పాఠాలు చెబుతాను. మా ఆయన కాస్త వరి, కాస్త కాఫీ చూసుకుంటాడు. ఇంట్లో మాతో పాటు పన్నెండేళ్ళ మా అమ్మాయి సుకన్య, మా అత్త ఉంటారు. అత్తకు పదేళ్ళ నుంచి చెవులు వినపడవు. బొత్తిగా వినపడవని కాదు, నా గొంతు ఒక్కటీ వినపడుతుంది. నా గొంతు అలాంటిది. ఒక గదిలో ఐదు తరగతులూ కూర్చుంటే చిట్టచివరి పిల్లాడు కూడా ఉలిక్కిపడే గొంతు. అందువల్ల మా ఇంట్లో అత్తాకోడళ్ళ తగువంటే అది ఊరందరి తగువే. పులుసులో ఉప్పెందుకు ఎక్కువైందో ఆవిడకు నేను సంజాయిషీ చెప్పుకుంటుంటే, ఊరి చివరింటి వాళ్ళు మా ఇంట్లో ఏం పులుసో తెలుసుకుని నవ్వుకునేవారు. ఆవిడ కూడా ఊరుకోదు. "నువ్వు నాతోటి మాటాడతన్నావో, కొండతోటి మాటాడతన్నావో తెల్దు" అనేది.

మా కొండల్లో కూక అని ఒకటుంది. ఈ గట్టు మీద ఉన్నవాళ్ళకు ఆ గట్టు మీద ఉన్నవాళ్ళతో పని పడితే నడిచి వెళ్ళక్కర్లేదు. నిలబడి గొంతెత్తి "ఊ" అని పొడుగ్గా కూక వేస్తాం. అవతలి నుంచి తిరుగు కూక వస్తే మనిషి ఉన్నట్టు, బాగున్నట్టు. ఎవరి కూక వాళ్ళదే, మొహం కనపడకపోయినా ఫలానా మనిషని చెప్పేయొచ్చు. నేను పుట్టింది గెడ్డ అవతల, అంటే మా కొండవాగు అవతలి ఊళ్ళో. పెళ్ళికి ముందే నా కూక విని నన్ను మెచ్చుకున్నానని మా ఆయన ఇప్పటికీ చెబుతాడు. ఆ మాటకు మా అత్త ముక్కు విరిచేది, నేను పొంగిపోయేదాన్ని.

సంత అయిన మూడో రోజు నాకు జ్వరం తగిలింది. రెండో విడత కరోనా కింద ఊళ్ళన్నిటినీ ఊపేస్తోందని అప్పటికే విన్నాం. ఊరి పెద్దలు దారికి అడ్డంగా వెదురు గడ కట్టి దానికి వేపాకు గుత్తులు వేలాడదీశారు. దీన్ని ఊరు కట్టడం అంటాం. కట్టిన తొమ్మిది రోజులూ లోపలివాళ్ళు బయటికి పోకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. మంచి పనే, కాదనను. కాకపోతే మేమందరం సంతకు పోయి, జబ్బును మాతో పాటు తీసుకొచ్చాక కట్టారు. వేలికి తగిలించి ఊపిరి చూసే మిషను మా చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కలిపి ఒక్కటే ఉంది. అది గడకు అవతలే ఉండిపోయింది.

ఒళ్ళు కాలుతోంది, నాలుకకు చింతపండు పులుపు కూడా తెలియడం లేదు. ఇంకేం అనుమానం లేదనుకున్నాను. పక్క గదిలో ముసలావిడ, ఈ గదిలో పిల్ల. చాప, దుప్పటి, కుండ తీసుకుని కొండమీద కాఫీ తోటలో ఉన్న పాకలోకి పోతానన్నాను. మా ఆయన గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"ఒక్కర్తివీ అక్కడెలగుంటావు? నాకు సెప్పు."

"ఇక్కడుంటే మీ అమ్మకి అంటిస్తాను. అదేదో నువ్వు సెప్పు" అన్నాను. గుమ్మం వదిలేశాడు.

ఊళ్ళోనే ఉండే ఆశా కార్యకర్త పార్వతి మాత్రలిచ్చి, వాకిట్లో దూరంగా నిలబడి మంచి ఉపాయం చెప్పింది. "వదినా, మిషను నేకపోతే ఏటి, నీకు కూకుంది కదా. పొద్దున్నొకపాలి, సాయంత్రమొకపాలి కింద నుంచి వీళ్ళు కూకేత్తారు. నువ్వు తిరిగి ఒకే గుక్కలో ఎంతసేపు కూకేత్తావో సుకన్య లెక్కపెడతాది. లెక్క పడిపోతే మాత్తరం ఆస్పత్రికే, ఇంకేటీ ఇనీది నేదు." ఆ ఉపాయం వినగానే నాకు జ్వరంలో కూడా హుషారొచ్చింది. పరీక్ష రాయడానికి పోతున్న పిల్లలాగా కొండెక్కాను.

మొదటి రోజు నా లెక్క ఇరవై ఒకటి. కింద సుకన్య గెంతుతూ చేతులూపడం చెట్ల సందులోంచి కనపడింది. మా వాకిట్లోంచి చూస్తే తోటలో పాక కప్పు, దానికి కొంచెం ఎడంగా నిలువెత్తు బండ ఒకటి కనపడతాయి. మూడో రోజుకు పద్దెనిమిది. మా ఆయన సగం దారిలో పనస చెట్టు కింద చోడంబలి, అదే రాగి అంబలి, చారు పెట్టి వెళ్ళిపోతే, నేను దిగి తెచ్చుకునేదాన్ని. పోయేటప్పుడు దిగడం, వచ్చేటప్పుడు ఎక్కడం. నాలుగో రోజు ఎక్కుతూ రెండుసార్లు కూర్చున్నాను. ఆ సాయంత్రం లెక్క పన్నెండు. ఐదో రోజు పొద్దున తొమ్మిది.

తొమ్మిది అని కింద నుంచి మా ఆయన అరిచిన తీరు నాకు నచ్చలేదు. సాయంత్రానికి లెక్క పెరక్కపోతే ఆస్పత్రికే అన్నాడు. మా పై ఊరి నుంచి ఒకాయనను అంతకు ముందు వారమే అంబులెన్స్‌లో కిందికి తీసుకుపోయారు. ఆయన తిరిగి రాలేదు. మట్టి ఎక్కడ వేశారో, ఎవరు వేశారో కూడా ఇంటివాళ్ళకు తెలియదు. నాకు చావంటే భయం వేసింది, నిజమే, కానీ అంతకంటే నా వాళ్ళెవరూ లేని చోట చావడమంటే ఎక్కువ భయం వేసింది. పోతే ఈ పాకలోనే పోతాను గానీ కిందికి మాత్రం పోనని గట్టిగా అనుకున్నాను. చదువుకున్నదాన్ని, పిల్లలకు ఆరోగ్య సూత్రాలు చెప్పేదాన్ని. ఏం లాభం.

అప్పుడే ఆ పాడు ఆలోచన తట్టింది. పాక పక్కనున్న బండకు కడుపులో గుహలాంటి ఒంపు ఉంది. అక్కడ నిలబడి కూక వేస్తే బండ దాన్ని పట్టుకుని పెద్దది చేసి విసురుతుంది. కొండలో పెరిగిన వాళ్ళకు ఏ బండ ఎలా పలుకుతుందో తెలుసు. ఐదో రోజు సాయంత్రం ఆ ఒంపులో నిలబడ్డాను. నాలుగు అంకెల సేపు కూక వేశాను, ఆగాను. బండ దాన్ని సాగదీస్తున్నంతలో గుటుక్కున ఊపిరి పీల్చుకుని మళ్ళీ వేశాను, అలా నాలుగైదుసార్లు. కిందికి అదంతా ఒకే కూకగా వెళ్ళింది. సుకన్య ఇరవై మూడు లెక్కపెట్టింది. మా ఆయన ఆనందం పట్టలేక తిరిగి రెండు కూకలు వేశాడు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు బయటికొచ్చి, పంతులమ్మ గట్టెక్కేసిందని చెప్పుకున్నారట. నేను బండకు ఆనుకుని కూలబడ్డాను. కళ్ళ ముందు మిణుగురులు తిరుగుతున్నాయి, అయినా నా తెలివికి నేనే మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే నాలుగు తన్నాలనిపిస్తుంది.

ఆరో రోజు రెండు పూటలూ అలాగే గడిపేశాను. ఏడో రోజు పొద్దున కింద ఏం జరిగిందో తర్వాత సుకన్య పూసగుచ్చినట్టు చెప్పింది. కూక అయిపోయింది, లెక్క ఇరవై నాలుగొచ్చింది, అందరూ నవ్వుతూ లోపలికి పోతున్నారు. మా అత్త మాత్రం వాకిట్లోంచి కదల్లేదు. నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కొండకేసి చూస్తూనే ఉంది. కొడుకును చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఒరే, దానికి ఊపిరాడతనేదు. ఎత్తుకొచ్చీండి."

"నీకు ఇనపడదు కదే అమ్మా" అని మా ఆయన సైగలు చేస్తూ చెప్పాడట. "ఊరంతా ఇన్నాది. పులిలాగ కూకేసినాది."

"నాకు ఇనపడదురా, కనపడతాది. పాక కాడ నిలబడీది బండ కాడికెందుకెల్లినాది? కూకేసినాక నిలబడనేదేటి? నాలుగు పూటల నుంచి సూత్తన్నాను, కూకెయ్యడం, కూలబడ్డం. బాగున్న మనిసి కూలబడతాదేటి?"

ఆవిడ మాట ఎవరూ పట్టించుకోలేదు. చెవిటిదానికేం తెలుస్తుందనే అనుకున్నారు. నేనైనా అదే అనుకునేదాన్ని. అసలు నేను మోసం చేయాలనుకున్న మనుషుల లెక్కలో ఆవిడ లేనే లేదు. ఆవిడ ఇంక వాళ్ళతో వాదించలేదు. చీర కొంగు ముక్కు మీదుగా బిగించి కట్టుకుని, కర్ర పుచ్చుకుని, డెబ్బై ఏళ్ళ మనిషి ఆ ఎత్తంతా ఎక్కి వచ్చేసింది.

పాక ముందు ఆవిడను చూడగానే నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత చేసి ఈవిడను కాపాడుకుంటుంటే తానే నడిచి జబ్బు దగ్గరికి వచ్చిందని. "దగ్గిరికి రాకత్తా, ఎల్లిపో" అని అరిచాను. అరిచాననుకున్నాను. ఆవిడ పది అడుగుల దూరంలో ఆగి, చెవి ఇటు పెట్టింది.

"ఏటి?"

"ఎల్లిపో అంతన్నాను."

"ఏటంతన్నావే? ఇనపడ్నేదు."

మళ్ళీ ప్రయత్నించాను. మాటకు ముందు దగ్గొచ్చింది, దగ్గు తర్వాత మాట రాలేదు. ఆవిడ నా పెదాలను చూస్తూ అలాగే నిలబడింది. ఇన్నేళ్ళలో నా మాట ఆవిడకు వినపడకపోవడం అదే మొదటిసారి. ఆవిడ మొహం ఒక్కసారిగా మారిపోయింది. నేను ఆవిడ కళ్ళలో నీళ్ళు అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు.

"ఊరందరి గొంతులూ పోనాయి, నీదొక్కటే నాకు మిగిలినాది" అంది. "అదీ పోనాదేటే?" అనేసి, వెనక్కి తిరిగి, వచ్చినదానికంటే వేగంగా కిందికి దిగిపోయింది.

ఈసారి ఆవిడ చెప్పడం కాదు, కొడుకును కర్రతో కొట్టిందట. అరగంటలో మా ఆయన, మా మరిది, ఇంకో ఇద్దరు ముక్కులకు తువ్వాళ్ళు కట్టుకుని వచ్చేశారు. నన్ను చూడగానే మా ఆయన మొహం పాలిపోయింది. నేను చేసిన పని అర్థమైపోయింది, దుప్పటిని కర్రకు కట్టి నన్ను అందులో పడుకోబెట్టాడు.

కిందికొచ్చాక ఊరి గడ దగ్గర ఆపేశారు. తొమ్మిది రోజులు కాలేదు, కట్టు విప్పితే ఊరికి కీడు వస్తుందని పెద్దాయన దారికి అడ్డం నిలబడ్డాడు. ఆయన చెడ్డవాడు కాదు. భయపడిన మనిషి, అంతే. మా ఆయన ఆయన కాళ్ళు పట్టుకోబోయాడు. ఈలోగా మా అత్త వెళ్ళి తాడు ముడి విప్పేసి, వెదురు గడను పక్కకు లాగి పడేసింది.

"ఊరికి మంచిది కాదమ్మా, రేపు ఊరంతా నిన్నే తిడతాది" అని పెద్దాయన సైగలతో చెప్పాడు.

"తిట్టనీ" అంది మా అత్త. "ఎలగూ నాకు ఇనపడదు."

దుప్పట్లో పడుకుని, గాలి అందక కొట్టుకుంటున్నదాన్ని, నాకు నవ్వొచ్చింది. పెద్దాయనకూ నవ్వొచ్చిందని, తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడని సుకన్య చెబుతుంది.

రోడ్డు దగ్గర చింతచెట్టు కింద అంబులెన్స్ కోసం చాలాసేపు చూశాం. ఆస్పత్రికి చేరాక వరండాలో బల్ల మీద ఇంకా ఎక్కువసేపు. మా ఊళ్ళో లేని మిషను అక్కడ నా వేలికి పెట్టారు. నర్సమ్మ దాన్ని చూసి, నన్ను చూసి, "ఇన్ని రోజులు ఏం చేశావమ్మా" అంది. బండ దగ్గర నిలబడి కూక వేశానని ఎలా చెప్పను? మంచం ఖాళీ లేదంటే వరండాలోనే సిలిండర్ తెచ్చి మూతికి మాస్క్ పెట్టారు. గాలి లోపలికి పోయింది. ఆ క్షణం నేను మరిచిపోలేను. ఎండలో నడిచొచ్చి గెడ్డ నీళ్ళు తాగినట్టుంది. సిగ్గు లేకుండా ఏడ్చాను.

మంచం ఖాళీ అయ్యాక వార్డులోకి మార్చారు, అక్కడ పదకొండు రోజులున్నాను. పక్క మంచం మీద మైదానం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉండేది, వరి పండించే వాళ్ళు. మొదటి రోజే నా వైపు తిరిగి, "నువ్వు ఊ కొట్టక్కర్నేదమ్మా, ఊపిరి దండగ. నాను సెప్తాను, నువ్వింటూ ఉండు" అంది. ఇంక మొదలుపెట్టింది. వాళ్ళ గేదె సంగతి, అల్లుడి సంగతి, మా కొండల్లో కాఫీ చెట్టు ఎంతెత్తు ఉంటుందన్న ప్రశ్న, దానికి తానే చెప్పుకున్న జవాబు. మా కాఫీ చెట్టును ఆవిడ కొబ్బరిచెట్టంత చేసేసినా నేను కాదనలేకపోయాను. అలా నవ్వుకుంటూ భయపడటం మరిచిపోయాను. ఆవిడ నాకంటే రెండు రోజుల ముందే ఇంటికి వెళ్ళింది. తన కాళ్ళ మీద నడుచుకుంటూ వెళ్ళింది. వార్డంతా చప్పట్లు కొట్టింది.

మా ఆయన ఆస్పత్రి గోడ పక్కన చెట్టు కిందే పడుకున్నాడు. మా ఊళ్ళో ఫోను బడి మెట్ల మీదే అందుతుంది. రోజూ సాయంత్రం పార్వతి ఫోను తీసుకుని సుకన్య ఆ మెట్ల మీద కూర్చునేది. "అమ్మా, నువ్వేటీ మాటాడకు. ఊపిరి తియ్యి, నాను ఇంటాను" అనేది. నేను ఫోను దగ్గర పెట్టుకుని ఊపిరి తీసేదాన్ని, అది వినేది. ఒక రోజు ఎలాగో రెండు మాటలు కూడగట్టుకుని, నాయనమ్మ ఏం చేస్తోందని అడిగాను.

"వాకిట్లో కూర్చుని కొండకేసి సూత్తాది. అమ్మ అక్కడ నేదే అని సెప్పినా సూత్తాది" అంది నా కూతురు.

ఇంటికొచ్చేసరికి తొలకరి పడింది. గుమ్మంలో అత్త ఎదురొచ్చి నా మొహం రెండు చేతులతో పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది, సంతలో కోడిని చూసినట్టు. నేను ఏదో అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. నేను ఆస్పత్రిలో ఉండగా ఆవిడకు రెండు రోజులు జ్వరమొచ్చిందని, ఎవరికీ చెప్పకుండా దుప్పటి కప్పుకుని పడుకుందని తర్వాత తెలిసింది. నాకు పట్టరాని కోపమొచ్చింది. ఆ కోపం చూపించడానికి గొంతు లేదు. అలా దాచడం తప్పని ఆవిడకు చెప్పే మొహమూ లేదు.

జ్వరం పోయింది, జబ్బు పోయింది, గొంతు రాలేదు. నాలుగు మాటలకు ఒకసారి ఆగాలి. మెల్లగా మాట్లాడితే సుకన్యకు, మా ఆయనకు సరిపోయేది. అత్తకు అందేది కాదు. సైగలతో నడిపించాం. అన్నం, నీళ్ళు, మాత్ర, పడుకో. మా ఇంటి తగువులు ఆగిపోయాయి. ఊరివాళ్ళకు మా పులుసుల సంగతి తెలియకుండా పోయింది. మొదట్లో ఇది హాయిగానే ఉందనుకున్నాను. ఒక మధ్యాహ్నం ఆవిడ అరుగు మీద ఒక్కతే కూర్చుని విస్తళ్ళకు అడ్డాకులు కుడుతోంది. వాన కురుస్తోంది, సుకన్య పాడుతోంది, మా ఆయన సుత్తితో మేకు కొడుతున్నాడు. ఆవిడకు ఇవేవీ లేవు. నేను జబ్బు పడిన రోజు నుంచి ఈ లోకంలో ఒక్క మాట కూడా ఆ మనిషికి వినపడలేదన్న సంగతి అప్పుడు నాకు తట్టింది. నా ఊపిరి నా ఒక్కదానిదే అనుకుని దాంతో ఆటలాడాను.

ఆ రోజు నుంచి పట్టుబట్టాను. పార్వతి చెప్పినట్టు పొద్దునా సాయంత్రం ఊపిరి బిగబట్టడం, వదలడం. పది అడుగులు నడక, ఇరవై అడుగులు, గెడ్డ దాకా. మిరియాల చారు, చోడంబలి, గుడ్డు, ఏది పెడితే అది తిన్నాను. ఒక రోజు బాగుండేది, రెండు రోజులు వెనక్కి పోయేది. విసుగొచ్చి గిన్నె విసిరిన రోజూ ఉంది. మీలో ఎవరైనా ఇప్పుడు ఆ విసుగులో ఉంటే గిన్నె విసిరేయండి, పర్వాలేదు, తర్వాత తీసి కడుక్కుని మళ్ళీ తినండి. కానీ ఊపిరి తగ్గితే మాత్రం దాచకండి. నన్ను చూసే కళ్ళు ఉన్నాయి కాబట్టి నేను దొరికాను.

వరినాట్లు అయిపోయాక ఒక పొద్దున. అత్త పెరట్లో నాకు వీపు చూపించి, వంగి ఊడుస్తోంది. పొయ్యి దగ్గర నేనున్నాను, మధ్యలో ఇరవై అడుగులుంటుంది. ఆవిడ పక్కనే చాప మీద ఎండబెట్టిన చోళ్ళ మీదికి పొరుగింటి మేక వచ్చి మూతి పెట్టింది. ఇంట్లో ఇంకెవరూ లేరు. నేనేమీ ఆలోచించలేదు.

"అత్తా, మేక!"

ఆవిడ చీపురు ఆగింది. మెల్లగా నడుం ఎత్తి, మేక వైపు కాదు, నా వైపు తిరిగింది.

"ఎందుకే అలగరుత్తావు?" అంది. "నానేటి సెవిటిదాన్నా?"

నా చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. మేక చోళ్ళు తింటూనే ఉంది, ఇద్దరిలో ఒక్కరం కూడా దాన్ని తోలలేదు. ఆవిడ చీపురు కింద పడేసి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏదీ" అంది, "మరోపాలి పిలు."

పిలిచాను.